వంటింటికి సరిపోయే గొంతు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి జిగురమ్మ జడ వేసుకోవడానికి కూర్చునేది. జడ సగంలో ఉండగా వంటింటి కిటికీ దగ్గర అమ్మ గొంతు సాధన మొదలుపెట్టేది. మొదట కింది స్థాయిలో, నిద్ర వదలనట్టు బరువుగా. తర్వాత మెల్లగా పైకి. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. మనిషిని తీసుకెళ్లారు గానీ గొంతు మాత్రం ఇల్లు వదల్లేదు. వీధి వీధంతా దానికి అలవాటు పడిపోయింది. ఎదురింటి దర్జీ ఆ సాధన వినపడ్డాకే దుకాణం తలుపులు తీసేవాడు. పక్కింటావిడ పిల్లల్ని లేపడానికి గడియారం కొననే లేదు. "మీ అమ్మకి ఇవాళ ఒంట్లో బాగున్నట్టు లేదే, పైకి పోయేసరికి కాస్త గీరుతోంది" అని ఆవిడ గోడ మీంచి అంటే, "వానలు కదా పిన్నీ" అనేది జిగురమ్మ.

సాధన అయ్యాక ఒకే ఒక్క పాట. 'పడవవాడి భార్య' అనే ఒపేరాలో, మాటలన్నీ పాటలుగానే సాగే నాటకంలో, ఆఖరి పాట అది. వరదలో కొట్టుకుపోయిన మొగుణ్ణి ఆ భార్య ఒడ్డున నిలబడి పిలుస్తుంది. పాట ఒక్కో మెట్టే ఎక్కుతూ పోయి చిట్టచివర ఒకే స్వరం మీద నిలబడుతుంది. ఊపిరి ఉన్నంతసేపూ దాన్ని వదలకూడదు. అమ్మ ఆ స్వరం పట్టిందంటే అలమరలో గిన్నెలు సన్నగా మోగేవి. అది ఆగాక మామయ్య కప్పు చాచేవాడు, జిగురమ్మ కాఫీ పోసేది, ఆ తర్వాతే ఆ ఇంట్లో ఎవరైనా నోరు విప్పేవాళ్లు.

జిగురమ్మ అన్న పేరు పనిచేసే చోట వచ్చింది. నాటకశాల వెనక రాతప్రతుల భాండాగారం ఉంది. ఒపేరాలు కట్టినవాళ్లు చేత్తో రాసుకున్న స్వరాలు, వాటిని చూసి వచ్చి విమర్శకులు రాసిన కాగితాలు, అన్నీ అట్టపెట్టెల్లో అక్కడే పడుకుని ఉంటాయి. చిరిగినవాటిని పల్చటి కాగితంతో, గోధుమపిండి జిగురుతో అతికించడం ఆమె పని. ఎప్పుడు చూసినా గోళ్ల చుట్టూ జిగురు ఎండి తెల్లగా ఉండేది. తరాల కిందటి విమర్శకుల తిట్లన్నీ ఆమె చేతుల మీదుగా వెళ్లాయి. ఒకడు గాయకుణ్ణి మేకతో పోల్చాడు, ఇంకొకడు నాలుగు పేజీలూ వాద్యబృందం నాయకుడి పొట్ట గురించే రాశాడు. తిట్టినవాళ్లూ తిట్లు తిన్నవాళ్లూ అందరూ పోయారు కాబట్టి ఆమె నవ్వుకుంటూ అతికించేది.

నవ్వు రానిది ఒక్కరి రాతే. ఆయన్ని ఊరంతా తూకం గారనేవాళ్లు. ఎంత గొప్ప గొంతునైనా తక్కెట్లో వేసి ఇంత అని తేల్చేస్తాడని ఆ పేరు. జిగురమ్మ పుట్టకముందు అమ్మ పడవవాడి భార్య వేషం వేసింది, ఒకే ఒక్కసారి. ఆ మర్నాడు తూకం గారు పత్రికలో రాసింది జిగురమ్మకు పలకా బలపం పట్టకముందే నోటికి వచ్చు. "ఆఖరి స్వరం దగ్గర ఆ గొంతు చతికిలపడింది. అది వంటింటికి సరిపోయే గొంతు. దాన్ని రంగస్థలం మీదికి లాక్కొచ్చిన వాళ్లదే తప్పు."

అంతే. మర్నాటికల్లా వేషం ఇంకొకామెకి వెళ్లిపోయింది. అమ్మను నాటకశాల వాళ్లు పొమ్మనలేదు, దుస్తులు కుట్టే గదిలో మూలన ఒక కుర్చీ చూపించారు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, వచ్చిపోయే పడవవాడి భార్యలందరికీ నడుము కొలతలు తీసి గౌన్లు కుడుతూ ఆవిడ బతుకు వెళ్లదీసింది. బయట ఎప్పుడూ పాడలేదు. పాడితే వంటింట్లోనే, అదీ పొద్దున్నే, తలుపు వేసుకుని.

అమ్మకు తమ్ముడైన మామయ్య ఆ రోజు వాద్యబృందంలో క్లారినెట్ వాయించాడు. స్టేజీ ముందు వాద్యాలవాళ్ల కోసం తవ్విన గోతిలో ఆయన కూర్చున్న చోటికి స్టేజీ కనపడదు, జనం కనపడతారు. ఆఖరి పాట ఎత్తుకోకముందే తూకం గారు టోపీ పెట్టుకుని, వరసలో వాళ్ల మోకాళ్లు తప్పించుకుంటూ బయటికి పోవడం ఆయన కళ్లారా చూశాడు. చూసింది కనపడినవాళ్లందరికీ చెప్పాడు. క్లారినెట్ ఊదేవాడి మాట పట్టించుకునేదెవరు? పైగా అక్క మీద ప్రేమ కొద్దీ అంటున్నాడన్నారు. మామయ్య చెప్పడం మానేశాడు. కొన్నాళ్లకు క్లారినెట్టూ మానేశాడు.

ఆ తూకం గారి రాతప్రతులు ఒక పొద్దున భాండాగారానికి వచ్చాయి. జీవితమంతా రాసిన విమర్శలు ఆయనే స్వయంగా దానం చేశాడు. అన్నీ కలిపి పెద్ద పుస్తకం వేస్తారట, చదువుకునే గదికి ఆయన పేరు పెడతారట. భాండాగారం పెద్దసారు పెట్టెలన్నీ జిగురమ్మ బల్ల పక్కన దింపించి, "చేయి తిరిగినదానివి నువ్వే. జాగ్రత్తగా చూడు" అన్నాడు.

"అలాగే సార్, చాలా జాగ్రత్తగా చూస్తాను" అంది జిగురమ్మ.

అమ్మ మీద రాసిన కాగితం అడుగున ఎక్కడో దొరికింది. పాతకాలపు సిరా కాగితాన్ని తినేసింది. అక్షరాలున్న చోటల్లా సన్నటి చిల్లులు. ఇంకో చలికాలం గడిస్తే ఆ మాటలు పొడి అయి రాలిపోయేలా ఉన్నాయి. ఇంటికొచ్చి ఆ సంగతి మామయ్య చెవిన వేసింది.

"రాలిపోనీ. నీ చేత్తో నువ్వే దాన్ని బతికిస్తావా ఏంటి? కిటికీ తీసి ఉంచు, గాలే చూసుకుంటుంది" అన్నాడు ఆయన.

"అది రాలిపోతే ఆయన బతికిపోతాడు మామయ్యా."

మామయ్య ఆమె వంక కాసేపు చూసి, "నువ్వు మా అక్క కూతురివే" అన్నాడు.

చిల్లు చిల్లుకీ జిగురు రాసి, వెనక పల్చటి కాగితం పరిచి, బరువు పెట్టి ఆరబెట్టి, ఆ కాగితాన్ని ఆమె పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంది. అలాంటి పని అంతకుముందు ఏ మహానుభావుడి రాతకీ చేయలేదు. 'చతికిలపడింది' అన్న మాట దగ్గర పొల్లు కూడా పోలేదు.

తూకం గారు పని చూడటానికి వచ్చాడు. చెవులు పూర్తిగా పోయి చాలాకాలమైందని ఊరందరికీ తెలుసు. అయినా మర్యాద తగ్గలేదు, ఇంకా ముందు వరసలో కుర్చీ వేస్తూనే ఉన్నారు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. బాగు చేసిన కాగితాన్ని వెలుగులో పెట్టి చూసుకుని మురిసిపోయాడు.

"కొత్తదానిలా చేశావమ్మాయ్. దీన్ని అద్దాల పెట్టెలో పెట్టించాలి. వయసులో ఉన్నప్పటి నా వేడి చూడు, ఒక్కో మాటా సూదిలా ఉంది."

"ఎవరి గురించండీ ఇది?" అంది జిగురమ్మ, పెదాలు స్పష్టంగా కదుపుతూ.

ఆయన ఆలోచించాడు. ఆ రోజు తెర రంగు గుర్తుంది. వాద్యబృందం నాయకుడు రెండో అంకంలో కర్ర జారవిడుచుకోవడం గుర్తుంది. "ఎవరో పిల్ల. తర్వాత కనపడలేదు. మానేసి ఉంటుంది" అన్నాడు.

"ఆఖరి స్వరం అంత ఘోరంగా పాడిందా?"

తూకం గారు నవ్వాడు. దగ్గరివాళ్లకి చెప్పే జోకులా గొంతు తగ్గించాడు. "ఆఖరిదాకా కూర్చునే ఓపిక నాకెప్పుడూ లేదమ్మాయ్. మొదటి రెండు పాటలు వింటే చివర ఎలా తగలడుతుందో తెలిసిపోతుంది. అందరితో పాటు లేస్తే బండి దొరికి చావదు."

జిగురమ్మకు ఒళ్లు మండింది. మామయ్య మాట నిజమని తేలినందుకు కాదు, అది ఇంట్లో ఎవరూ అనుమానించలేదు. అమ్మ బతుకు బతుకంతా ఒక బండికి సరిపోయింది. పైగా ఆ బతుకు ఎవరిదో ఈయనకు గుర్తు కూడా లేదు. కుంచె కడిగి పక్కన పెట్టి, "ఇంకొన్ని కాగితాలు మా ఇంట్లో ఆరుతున్నాయండీ. పొద్దున్నే వస్తే వెలుగు బాగుంటుంది, వచ్చి చూసుకోండి" అంది. ఎందుకు పిలిచిందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఆ గొంతున్న గదిలో ఈయన ఒక్కసారి నిలబడాలనుకుంది. చెవిటివాడి ముఖాన అమ్మ పాడుతుంటే చూడాలనుకుంది.

మర్నాడు ఆయన వచ్చేసరికి పాలు పొయ్యి మీద ఉన్నాయి. మామయ్య తలుపు తీసి, పలకరించకుండా పక్కకు జరిగాడు. తూకం గారు వంటింటి గుమ్మం దాటుతుండగా అమ్మ సాధన మొదలుపెట్టింది. ఆయన అక్కడే నిలబడిపోయాడు. చేతికర్ర జారి నేల మీద పడింది. ఆ చప్పుడు ఆయనకు వినపడలేదు, వంగి తీసుకోలేదు కూడా. తల మాత్రం కిటికీ వైపు తిప్పాడు, గొంతు ఉన్న వైపుకి, సరిగ్గా.

"వినపడుతోంది" అన్నాడు మెల్లగా. "ఇది నాకు వినపడుతోంది."

గోడవతల్నుంచి అంతా చూస్తున్న పక్కింటావిడ, "పోయినవాళ్ల గొంతుకి చెవులతో పనేముంది" అనుకుంటూ బట్టలు ఆరేసుకోవడానికి వెళ్లిపోయింది.

ఆయన గోడకు ఆనుకుని జారి, కూరగాయల బుట్ట పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎన్నో ఏళ్ల తర్వాత చెవిలో పడిన మొదటి శబ్దం అది. సాధన అయింది. పాట ఎత్తుకుంది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. పాట మెట్లెక్కింది. చివరి మెట్టు ముందు, ఊపిరి తీసుకునే చోట, అమ్మ ఆగిపోయింది.

జిగురమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అమ్మ అక్కడ ఆగడం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేదు.

తూకం గారు ఎదురుచూశాడు. పాలు పొంగి, పొయ్యి ఆరిపోయింది. "చివరిది?" అన్నాడు. "చివరిది ఉంది కదా. అదేది?"

చాలాసేపటికి లేచి, గోడలు పట్టుకుంటూ వెళ్లాడు. ఆయన వీధి మూల తిరిగి కనుమరుగయ్యాక అమ్మ ఆ స్వరం పట్టింది. ఎప్పటికన్నా నిండుగా, ఎప్పటికన్నా ఎక్కువసేపు. దర్జీ దుకాణంలో కత్తెరలు మోగాయి. మామయ్య కప్పు చాచి, "అక్కా, నువ్వు సామాన్యురాలివి కావు" అన్నాడు.

అప్పట్నుంచి తూకం గారు రోజూ వచ్చేవాడు. వాన పడితే గొడుగుతో వచ్చేవాడు. రోజూ ఆ స్వరం ముందు పాట ఆగిపోయేది, రోజూ ఆయన మూల తిరిగాక పూర్తయ్యేది. వీధిలో వాళ్లంతా అది చూస్తూ పనులు ఆపుకుని నిలబడేవాళ్లు, ఆయనకు చెప్పినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. పెదాలు చూసి మాట పట్టేస్తాడని ఆయన ఎదురుపడితే నోళ్లు బిగించుకునేవాళ్లు.

ఒకరోజు ఆయనే అడిగాడు. "ఎవరి గొంతమ్మా ఇది?"

"మా అమ్మదండీ. మీరే కదా వంటింటికి సరిపోతుందన్నారు. అందుకే వంటింట్లో ఉంది."

బాగు చేసిన కాగితం, తెర రంగు, బండి, అన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు ఆయన కళ్లు అటూ ఇటూ కదిలాయి. "నేనేం చేయాలి?" అన్నాడు.

మామయ్య ఆయన ఎదురుగా వచ్చి కూర్చుని, ఒక్కో మాటా నిదానంగా పలికాడు. "రాయి. నీకు చేతనయింది అదేగా. నువ్వు వినలేదని రాయి."

రాశాడు. అదే పత్రికలో, తన పేరుతోనే. ఆ ఆఖరి పాట తాను వినలేదని, ముందే లేచి వెళ్లిపోయి ఇంట్లో కూర్చుని ఊహించి రాశానని, ఆ గాయని గొంతు అంతటిది ఇంకోటి లేదని. అది చదివి పాతకాలపు గాయకులు ఒక్కొక్కరే భాండాగారం మెట్లెక్కారు. మా సంగతేంటి, మా ఆట ఆఖరిదాకా చూశాడా అని పెద్దసారును నిలదీశారు. అడిగితే తూకం గారు దేనికీ బుకాయించలేదు. పుస్తకం ఆగిపోయింది. చదువుకునే గదికి పేరు పెట్టే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ముందు వరసలో కుర్చీ తీసేశారు. ఎదురైనవాళ్లు చూడనట్టు పోసాగారు. ఈ వార్తలన్నీ జిగురమ్మ రోజూ పొయ్యి దగ్గర నిలబడి అమ్మకు చెప్పేది. చెబుతుంటే నోరు తియ్యగా ఉండేది.

అంతా పోగొట్టుకున్న మర్నాడు ఆయన శుభ్రంగా గడ్డం గీసుకుని, ఉతికిన కోటు వేసుకుని వచ్చాడు. ఇవాళ వినిపిస్తుందని నమ్మకం. మామయ్య కూడా అలాగే అనుకున్నాడేమో, ఆయనకో కుర్చీ వేశాడు. అమ్మ సాధన చేసింది, పాట ఎత్తుకుంది, మెట్లన్నీ ఎక్కింది, ఆగింది. ఆయన కోటు అంచు పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. లేచి వెళ్లాడు. మూల తిరిగాడు. గిన్నెలు మోగాయి.

"ఇక చాలదా అమ్మా? ఆయన దగ్గర ఇవ్వడానికి ఇంకేం మిగల్లేదు" అంది జిగురమ్మ కిటికీ వైపు తిరిగి.

పాడటమే తప్ప మాట్లాడటం ఆ గొంతుకి ఎప్పుడూ లేదు.

"నువ్వు కల్పించుకోకు," అన్నాడు మామయ్య. "ఆ పగ నీది కాదు. నువ్వు మధ్యలో పుట్టావు."

పగ తీరిపోయాక పగవాణ్ణి ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. ఆయన ఉన్న ఇల్లు అమ్మేసి, వీధి మూల అవతల ఒక గది అద్దెకు తీసుకున్నాడు. పొద్దున్నే వచ్చి తన కుర్చీలో తనే కూర్చునేవాడు. రోజూ వచ్చే మనిషి ముందు తాము మాత్రమే కాఫీ తాగడం బాగోక జిగురమ్మ ఆయనకూ ఒక కప్పు పోసేది. ఆయనా మామయ్యా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తాగేవాళ్లు. అలా ఏళ్లు గడిచాయి.

ఒకరోజు కప్పు కింద పెట్టి ఆయన అన్నాడు. "నేను వెళ్లాక పాడుతుంది కదూ?"

జిగురమ్మ పొయ్యి మీది గిన్నె దించింది.

"మూల తిరిగాక ఎదురొచ్చేవాళ్ల ముఖాలు చూస్తుంటాను. అందరూ ఒక్కసారే ఆగిపోతారు. మొదటి వారంలోనే అర్థమైంది." గోడ వైపు చూస్తూ, "ఎలా ఉంటుందమ్మా అది? ఒక్క మాటలో చెప్పు చాలు" అన్నాడు.

చెప్పడానికి ఆమె దగ్గర మాటలున్నాయి. పుట్టినప్పట్నుంచీ వింటోంది, ఎన్ని మాటలైనా ఉన్నాయి. అవి నాలుక చివరిదాకా వచ్చాయి. ఆయన ఆమె పెదాల వంకే చూస్తున్నాడు. జిగురమ్మ పెదాలు మూసుకుని, కప్పులు తీసుకుని, తొట్టి దగ్గరికి వెళ్లి కడిగింది. ఆయన మర్నాడు మళ్లీ వచ్చాడు.

చివరికి ఆ కుర్చీలోనే పోయాడు. పాట ఆగాక ఎప్పట్లాగే కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాడనుకున్నారు. మామయ్య భుజం తట్టి చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దర్జీ, ఇంకో నలుగురు కలిసి ఆయన్ని మోసుకెళ్లారు. వాళ్లు మూల తిరుగుతుంటే వీధి మొత్తం గుమ్మాల్లో నిలబడి చెవులు రిక్కించింది. ఏమీ వినపడలేదు. సాయంత్రం దాకా వినపడలేదు.

మర్నాడు అమ్మ మామూలుగానే సాధన చేసింది. పాట ఎత్తుకుంది, ఊపిరి తీసుకునే చోటికి వచ్చింది, అక్కడితో సరి. ఆ తర్వాత రోజూ అంతే. ఆ స్వరాన్ని అన్నేళ్లు ఆయన వీపు మీదికి విసిరి విసిరి, విసరడానికి వీపు లేకపోయేసరికి, అమ్మకు అది పట్టడమే పోయినట్టుంది.

"ఆయన రాసింది ఇన్నాళ్లకు నిజమైంది," అన్నాడు మామయ్య, కప్పు చాచకుండా. "ఆఖరి స్వరం దగ్గర..."

"నిజం కానివ్వను" అంది జిగురమ్మ.

ఆమె అంతవరకూ ఎప్పుడూ పాడలేదు. ఈ ఇంట్లో మళ్లీ ఇంకో గొంతు తక్కెడ ఎక్కకూడదని అమ్మ ఆమెను నేర్చుకోనివ్వలేదు. మర్నాడు పాట మెట్లెక్కుతుంటే ఆమె పొయ్యి ముందు నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంది. అమ్మ ఆగింది. జిగురమ్మ నోరు తెరిచింది. వచ్చిన గొంతు సన్నం, అంచుల్లో గరుకు, కానీ స్వరం అదే. అరలో ఒక గిన్నె మోగింది. కోపం ఉన్నంతసేపు పట్టి ఉంచింది, కోపం చాలా ఉంది.

మామయ్య కప్పు చాచాడు.

అప్పట్నుంచి ప్రతి పొద్దునా ఆ చోట ఆమె ఉండాల్సిందే. జ్వరం వచ్చినా లేచి నిలబడేది. దూరపు నగరంలో పెద్ద భాండాగారం వాళ్లు మంచి ఉద్యోగం ఇస్తామని కబురు పెడితే, కుదరదంది. కారణం పెద్దసారు అడగలేదు. ఆయనా ఆ దారినే పనికి వస్తాడు. ఒక్క పూట ఆమె లేకపోతే పాట అక్కడ చతికిలపడుతుంది, తూకం గారి మాట నెగ్గుతుంది. ఆ వీధి దాటి ఒక రాత్రి గడపకుండానే ఆమె జుట్టు నెరిసింది. గొంతు మాత్రం ఏటికేడాది నిండుగా తయారవుతోందని, కళ్లు మూసుకుని వింటే తల్లి ఎక్కడ ఆగిందో కూతురు ఎక్కడ అందుకుందో పోల్చుకోలేమని దర్జీ తన దగ్గరికి వచ్చినవాళ్లతో చెబుతుంటాడు.